సూవ్లా దాకా వెళ్లిన అడిలైడ్ కుర్రాడు

రాబర్ట్ చార్లెస్ బ్రాగ్ 1892లో దక్షిణ ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో పుట్టాడు. ఇంట్లో అందరూ బాబ్ అని పిలిచేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యపు రాయల్ ఫీల్డ్ ఆర్టిలరీలో సెకండ్ లెఫ్టినెంటుగా చేరి, టర్కీలోని గల్లిపోలి ద్వీపకల్పంలో 1915 సెప్టెంబర్ 2న షెల్ దెబ్బకు చనిపోయాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు. గల్లిపోలిలో ఆస్ట్రేలియా సైన్యం 8 వేల మందికి పైగా సైనికులను పోగొట్టుకుంది. బ్రిటిష్ యూనిఫాంలో చనిపోయిన బాబ్ ఆ లెక్కలోకి రాడు. లోకమంతా ఎరిగిన ఇంటిపేరు మాత్రం అతనిది. ఇంటర్ రెండో సంవత్సరం రసాయనశాస్త్రంలో ఘనస్థితి పాఠం చదివిన ప్రతి తెలుగు విద్యార్థీ బ్రాగ్ సమీకరణం రాబట్టి ఉంటాడు. ఆ సమీకరణం బాబ్ అన్న విలియం లారెన్స్ బ్రాగ్‌ది.

తండ్రి విలియం హెన్రీ బ్రాగ్ ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక రైతు కొడుకు. కేంబ్రిడ్జిలో గణితం చదివి, 1886లో అడిలైడ్ విశ్వవిద్యాలయంలో గణిత, భౌతికశాస్త్రాల ప్రొఫెసర్‌గా వచ్చాడు. భౌతికశాస్త్రం ఆయన చదువుకున్నది తక్కువ. పరికరాలు కొనేందుకు డబ్బు లేకపోతే, పరికరాలు తయారుచేసేవాళ్ల దగ్గర పని నేర్చుకుని తనే చేసుకున్నాడు. తల్లి గ్వెండొలిన్, సర్ చార్లెస్ టాడ్ కూతురు. అడిలైడ్ నుంచి ఉత్తర తీరంలోని డార్విన్ దాకా, ఎడారి మధ్యగా, సుమారు 3,200 కిలోమీటర్ల టెలిగ్రాఫ్ తీగ వేయించిన మనిషి ఈ టాడ్. 1872లో ఆ పని పూర్తయ్యాకే ఆస్ట్రేలియా కబురు గంటల్లో లండన్‌కు చేరడం మొదలైంది. ఖండం నడిబొడ్డున ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ ఊరికి ఆ పేరు టాడ్ భార్య ఆలిస్ మూలంగానే వచ్చింది. అంటే అది బాబ్ అమ్మమ్మ పేరు.

ఆ ఇంట్లో మగపిల్లలు ఇద్దరు. పెద్దవాడు విల్లీ, అంటే విలియం లారెన్స్, 1890లో పుట్టాడు. ఎప్పుడూ పుస్తకాలు, గవ్వలు ముందేసుకుని ఒంటరిగా ఉండే పిల్లవాడు. బాబ్ రెండేళ్లు చిన్న. ఆటల్లో చురుకు, నలుగురితో ఇట్టే కలిసిపోయే స్వభావం. చాలాకాలం తర్వాత, 1907లో, చెల్లెలు గ్వెండొలెన్ పుట్టింది.

అన్నదమ్ముల చిన్ననాటి సంగతి ఒకటి విజ్ఞానశాస్త్ర చరిత్రలోకి ఎక్కింది. విల్లీ ఒకరోజు మూడు చక్రాల సైకిలు తొక్కుతుంటే బాబ్ సరదాకి వెనకనుంచి దూకి ఎక్కాడు. సైకిలు బోల్తా పడి విల్లీ ఎడమ మోచెయ్యి నుజ్జయింది. అప్పటికి జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాల సంగతి ప్రకటించి ఎంతో కాలం కాలేదు. పత్రికల్లో చదివి తండ్రి తన ప్రయోగశాలలో ఆ పరికరాన్ని తనే అమర్చుకుని ఉన్నాడు. కొడుకు చేతిని దాని ముందు పెట్టించాడు. నిప్పురవ్వలు చిమ్ముతూ చిటపటలాడే ఆ యంత్రం ముందు అయిదారేళ్ల పిల్లవాడు చెయ్యి చాచి కూర్చోవాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలో వైద్యం కోసం ఎక్స్ కిరణాలు వాడిన మొదటి సందర్భంగా దీన్నే చెబుతారు. ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా చక్కబడలేదు. ఇరవై ఏళ్లు తిరక్కుండా తండ్రికీ అన్నకూ నోబెల్ తెచ్చిపెట్టింది కూడా ఈ ఎక్స్ కిరణాలే. ఆ ఇంట్లో వాటికి మొదటి పని కల్పించింది బాబ్ అల్లరి.

1909 మొదట్లో తండ్రికి ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చి, కుటుంబమంతా బయల్దేరింది. వాళ్లు ఎక్కిన ఓడ వారటా. కొత్త ఓడ, అదే దాని తొలి ప్రయాణం, ఆస్ట్రేలియా వచ్చి తిరుగుదారి పట్టింది. ఓడ ఒక పక్కకు ఒరిగితే త్వరగా నిటారు కావడం లేదని ప్రొఫెసర్ బ్రాగ్ గమనించాడు. దాని గురుత్వకేంద్రం ఉండాల్సిన చోట లేదని ఆయన అనుమానం. అదే ఓడ తర్వాతి ప్రయాణంలో, 1909 జులైలో, దక్షిణాఫ్రికా తీరాన 211 మందితో సహా మాయమైంది. ఈనాటికీ దాని ఆచూకీ లేదు. బ్రాగ్ కుటుంబం క్షేమంగా దిగింది.

ఇంగ్లండ్‌లో బాబ్‌ను ఔండెల్ స్కూల్లో చేర్చారు. లాటిన్, గ్రీకులే చదువనుకునే ఆ రోజుల్లో, కుర్రాళ్ల చేత కొలిమి, లేత్ పట్టించిన బడి అది. అక్కణ్నుంచి అన్న చదివిన కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీకి వెళ్లాడు. అక్కడే 1912లో, 22 ఏళ్ల వయసులో, విల్లీ స్ఫటికంలోని పరమాణువుల వరసల మీద ఎక్స్ కిరణాలు ఎలా పరావర్తనం చెందుతాయో తేల్చి సమీకరణం రాశాడు. తండ్రి లీడ్స్‌లో దానికి కావలసిన పరికరం కట్టాడు. 1913, 14 సంవత్సరాలు ఆ ఇంటికి పండగ రోజులు. ఉప్పు, వజ్రం, ఒక్కొక్క స్ఫటికం లోపలి అమరిక బయటపడుతోంది. 1914 ఆగస్టులో యుద్ధం వచ్చింది.

అన్నదమ్ములిద్దరూ ఫిరంగి దళాల్లోకే వెళ్లారు. విల్లీకి లీసెస్టర్‌షైర్ గుర్రపు ఫిరంగి దళంలో చోటు దొరికింది. ఇంగ్లండ్ తూర్పుభాగంలోని డిస్ అనే ఊళ్లో గుర్రాల మధ్య ఏడాది గడిపాడు. గుర్రపుస్వారీ, వేట ఇష్టపడే తోటి అధికారుల మధ్య ఇమడలేకపోయాడు. బాబ్, యుద్ధమంత్రి కిచ్‌నర్ పిలుపు మీద స్వచ్ఛందంగా వచ్చిన వాళ్లతో కట్టిన కొత్త సైన్యంలో, 11వ డివిజన్ ఫిరంగి దళంలో చేరాడు. మనుషులు వేలల్లో వచ్చారు కానీ ఫిరంగులు లేవు. కొత్త సైన్యపు బ్యాటరీలు, అంటే ఫిరంగి జట్లు, చాలా చోట్ల కొయ్య దూలాలను ఫిరంగులనుకుని నెలల తరబడి సాధన చేశాయి.

వాళ్లకు చివరికి చేతికందిన ఆయుధం 18 పౌండ్ల ఫిరంగి. దాని గొట్టం వ్యాసం 84 మిల్లీమీటర్లు, ఒక్కో షెల్ బరువు సుమారు 8.4 కిలోలు. ఆరు గుర్రాలు రెండేసి చొప్పున మూడు జతలుగా దాన్ని లాగేవి. ప్రతి జతలోనూ ఎడమ గుర్రం మీద ఒక సిపాయి కూర్చుని తోలేవాడు. కాల్పుల వేళ ఫిరంగి దగ్గర ఆరుగురు. ఒకడు గురి చూస్తే ఇంకొకడు మూత తెరిచి మూస్తాడు, మరొకడు షెల్ తోస్తాడు. మిగిలినవాళ్లు ఫ్యూజు తిప్పి, షెల్లు అందిస్తారు. చేతులు ఒకదాని వెనక ఒకటి ఆడితే నిమిషానికి 20 సార్లు కూడా పేల్చగలిగేవారు. షెల్ లోపల దాదాపు 375 సీసపు గోళీలు ఉంటాయి. గాలిలో ఉండగానే పేలి అవి కిందికి వడగళ్లలా కురుస్తాయి. బయట మైదానంలో నిలబడ్డ సైనికుడికి దానికి మించిన మృత్యువు లేదు. కందకంలో తలదాచుకున్నవాడిని మాత్రం అది పెద్దగా ఏమీ చేయలేదు. 1915లో యుద్ధమంతా కందకాల్లోనే. కందకాన్ని పెళ్లగించే పేలుడు షెల్లు కావాలి, అవి చాలినన్ని లేవు. ఈ కొరత గల్లిపోలి కథ పొడుగునా వినపడుతుంది.

సెకండ్ లెఫ్టినెంటు ఫిరంగిని తన చేత్తో పేల్చడు. అతని కింద రెండు ఫిరంగులు ఉంటాయి, లేదా అతను ముందుకు వెళ్లి కాలిబంట్ల మధ్య ఒక గట్టు మీద దూరదర్శినితో కూర్చుంటాడు. పేల్చేవాళ్లకు లక్ష్యం కనిపించదు. షెల్ ఎక్కడ పడింది, కుడికి జరపాలా, దూరం పెంచాలా అన్నది అతను టెలిఫోనులో చెప్పాలి. తీగ నేలమీదే పరిచి ఉంటుంది. షెల్ పడి తెగితే ఎవరో ఒకరు పాకుతూ వెళ్లి అతకాలి. తాత ఖండం మీదుగా వేసిన తీగ పక్కన ఇది మూర పొడవు. ప్రాణాలు మాత్రం దీనికే వేలాడేవి.

గల్లిపోలి దండయాత్ర ఉద్దేశం డార్డనెల్స్ జలసంధి తెరిచి, ఇస్తాంబుల్ చేరి, టర్కీని యుద్ధంలోంచి తప్పించడం. 1915 ఏప్రిల్ 25న ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దళాలు తర్వాత ఆంజాక్ అని పేరుపడ్డ తీరంలో, బ్రిటిష్ దళాలు దక్షిణాన హెలెస్ అగ్రం దగ్గర దిగాయి. మూడు నెలలు గడిచినా తీరం అంచున వేలాడుతూనే ఉన్నాయి. ఆంజాక్‌లో మొదటిరోజు పొద్దున దిగి పేల్చిన ఫిరంగులు భారత సైన్యానివన్న మాట ఇక్కడ చెప్పుకోవాలి. విడదీసి కంచరగాడిదల మీద కట్టుకుపోయే చిన్న కొండ ఫిరంగులు అవి. ఆ నిటారు లోయల్లోకి మామూలు ఫిరంగి ఎక్కడమే గగనం కాబట్టి ఆస్ట్రేలియా సిపాయిలు వాటిని ప్రాణంలా చూసుకున్నారు.

ప్రతిష్టంభన తొలగించడానికి ఆగస్టు 6 రాత్రి ఆంజాక్‌కు ఉత్తరాన సూవ్లా అఖాతంలో కొత్త సైన్యాన్ని దించారు. బాబ్ డివిజన్ అందులో మొదటిది. ఎదురు నిలిచిన టర్కీ దళం చాలా చిన్నది. వెంటనే ముందుకు కదిలి ఉంటే చుట్టూ ఉన్న కొండలు దక్కేవి. కమాండర్ స్టాప్‌ఫర్డ్ ఫిరంగులు ఒడ్డుకు చేరేదాకా కదలనని కూర్చున్నాడు. ఈ లోగా ముస్తఫా కెమాల్ నాయకత్వంలో టర్కీ బలగాలు కొండలెక్కాయి. ఆగస్టు 15న స్టాప్‌ఫర్డ్‌ను తొలగించారు, కానీ కొండలు పోయాక ఏం లాభం. ఆగస్టు 21న సిమిటర్ గుట్ట మీదా ఆ పక్కన ఉన్న గుట్టల మీదా చేసిన దాడి ఆ ద్వీపకల్పంలో బ్రిటిష్ పక్షం ఒక్కరోజున చేసిన దాడుల్లో అతి పెద్దది. పాల్గొన్న 14,300 మందిలో 5,300 మంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. ఎండిన తుప్పలకు షెల్లు నిప్పంటించాయి. గాయపడి లేవలేనివాళ్లు ఆ మంటల్లోనే మిగిలిపోయారు.

ఆ తర్వాత సూవ్లాలో పెద్ద దాడులు లేవు. రోజువారీ చావులు మాత్రం ఆగలేదు. నేల తీరు చూస్తే కారణం తెలుస్తుంది. సముద్రం పక్కనే వేసవిలో ఎండి తెల్లగా మెరిసే ఉప్పు సరస్సు. దాని వెనక తుప్పలతో నిండిన మైదానం. మైదానం చుట్టూ అర్ధచంద్రాకారంలో కొండలు, కొండల మీద టర్కీ సైనికులు. బ్రిటిష్ బ్యాటరీ ఎక్కడ ఉన్నా, గుర్రం కదిలినా, నీళ్ల బండి వచ్చినా పైనుంచి కనిపిస్తుంది. టర్కీ ఫిరంగులు కొండ అవతలి వాలులో. అవి కిందివాళ్లకు కనిపించవు. మోత వినిపిస్తుంది, షెల్ వచ్చి పడుతుంది, ఎటునుంచి అన్నది అంచనాకు అందదు. ఇదికాక దాహం. తాగేనీళ్లు చాలావరకు ఓడల్లో తెచ్చి పంచేవారు. భారత సైన్యపు కంచరగాడిదల బళ్లు రాత్రివేళ ఆ నీళ్లు, తిండి, మందుగుండు ముందు వరసలకు మోసేవి. శవాల మీద వాలిన ఈగలే రొట్టె మీదా వాలేవి. జిగట విరేచనాలు పట్టనివాడు అరుదు.

బాబ్ ఆ మైదానంలో గడిపింది నెలకన్నా తక్కువే. సెప్టెంబర్ 2న శత్రువు షెల్ అతన్ని బలిగొంది. చరిత్ర పుస్తకాల్లో పేరున్న యుద్ధమేదీ ఆ రోజు జరగలేదు. ఆ రోజూ అంతకు ముందు రోజుల్లాంటిదే. అంతకు మూడువారాల ముందు, ఆగస్టు 10న, అదే ద్వీపకల్పంలో హెన్రీ మోస్లీ తలకు తూటా తగిలి చనిపోయాడు. మూలకాల పరమాణు సంఖ్యకు ఎక్స్ కిరణాలతో రుజువు చూపిన 27 ఏళ్ల శాస్త్రవేత్త ఆయన. మోస్లీని సైన్యం సంకేతాల విభాగంలో ముందు వరసకు పంపింది ఎందుకని శాస్త్రలోకం గట్టిగానే అడిగింది. బాబ్ గురించి అలా అడిగినవాళ్లు లేరు. అతను ఇంకా ఏమీ కనిపెట్టలేదు. ఏదో ఒకటి సాధించే వయసు రాకముందే పోయిన లక్షలమందిలో అతనొకడు, చాలామటుకు యుద్ధం పోగొట్టేది ఇలాంటివాళ్లనే. 

సూవ్లా, ఆంజాక్ స్థావరాలను డిసెంబర్ 19 రాత్రి ఖాళీ చేసి సైన్యం వెళ్లిపోయింది. ఒక్క కొండ కూడా దక్కలేదు.

బాబ్ చనిపోవడానికి కొద్దిరోజుల ముందే విల్లీని యుద్ధ కార్యాలయం పిలిచింది. దాగి ఉన్న శత్రు ఫిరంగిని దాని మోతను బట్టి పట్టుకునే పద్ధతిని ఫ్రెంచివాళ్లు ప్రయత్నిస్తున్నారు, దాన్ని బ్రిటిష్ సైన్యానికి పనికొచ్చేలా చేయమని అప్పగించింది. తమ్ముడి చావు మూలంగా అన్న ఈ పనికి పూనుకున్నాడని చెప్పుకోవడం బాగుంటుంది కానీ, తేదీలు అందుకు ఒప్పుకోవు. పని ముందే చేతికొచ్చింది. దుఃఖం పని మధ్యలో వచ్చి చేరింది.

సూత్రం పల్లెటూరి మనిషికీ తెలిసిందే. మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా అంకెలు లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో చెబుతారు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఇక్కడ మెరుపు కనిపించదు కనుక, ముందు వరసల వెనక కొన్ని కిలోమీటర్ల పొడవున ఆరు మైక్రోఫోన్లు పెడతారు. ఫిరంగి మోత ఒక్కోదానికి ఒక్కో క్షణంలో చేరుతుంది. ఆ తేడాలను సినిమా ఫిల్ము మీద ఫొటోలా తీసి, పటం మీద గీతలు గీస్తే, అవి కలిసే చోట ఫిరంగి ఉంటుంది.

కాగితం మీద సులువుగా ఉన్న ఈ లెక్క నెలల తరబడి కుదరలేదు. ధ్వనికన్నా వేగంగా వచ్చే షెల్ తనవెంట చెళ్లుమనే ఒక చప్పుడు తెస్తుంది. మైక్రోఫోన్లు దాన్నే పట్టుకునేవి. అసలు ఫిరంగి నోటినుంచి వచ్చే మంద్రమైన మోతను వదిలేసేవి. పరిష్కారం వింత చోట దొరికింది. బస చేసిన ఇంట్లో మరుగుదొడ్డిలో కూర్చుని ఉండగా, దాపున బ్రిటిష్ ఫిరంగి పేలినప్పుడల్లా కిందనుంచి గాలి తోసి తనను కొద్దిగా పైకి లేపుతోందని విల్లీ గమనించాడు. అంటే చెవికి పెద్దగా అందని ఆ మోతలో బోలెడంత గాలి కదలిక ఉంది. టక్కర్ అనే కార్పొరల్, యుద్ధానికి ముందు భౌతికశాస్త్రం బోధించినవాడు, తను పడుకునే చోట గోడ చిల్లుల్లోంచి ఫిరంగి పేలినప్పుడు చల్లగాలి మొహానికి కొడుతోందన్నాడు. ఒక పెట్టెకు చిల్లుపెట్టి, ఆ చిల్లుకు అడ్డంగా విద్యుత్తుతో కాగే సన్నని ప్లాటినం తీగ బిగించారు. మోత వచ్చినప్పుడు గాలి దూసుకొచ్చి తీగను చల్లారుస్తుంది, దాంతో అందులో విద్యుత్ నిరోధం మారుతుంది. షెల్ చప్పుడుకు ఆ తీగ పెద్దగా చలించదు. 1916 నడిమికల్లా ఇది పనిచేసింది.

ఈలోగా, 1915 నవంబర్‌లో, బెల్జియంలోని లా క్లిట్ అనే పల్లెలో పనిచేస్తున్న విల్లీకి కబురొచ్చింది. తండ్రితో కలిపి తనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి. వయసు 25. భౌతికశాస్త్రంలో అంత చిన్న వయసులో ఆ బహుమతి అందుకున్నవాళ్లు నేటికీ ఎవరూ లేరు. అతను బస చేసిన ఇంటి పాదిరీ నేలమాళిగలోంచి ద్రాక్షసారా సీసా ఒకటి తెచ్చి వేడుక చేశాడు. బాబ్ పోయి అప్పటికి పది వారాలు. తండ్రి కూడా స్ఫటికాలు పక్కన పెట్టి నౌకాదళం కోసం జర్మన్ జలాంతర్గాముల చప్పుడు నీళ్ల కింద వినే పరికరాల మీద పడ్డాడు. కనిపించని శత్రువు కోసం కొడుకు నేలమీద, తండ్రి సముద్రంలో చెవి ఒగ్గి కూర్చున్న సంవత్సరాలు అవి.

1918 ఆగస్టు 8 తెల్లవారుజామున ఫ్రాన్స్‌లోని అమియాన్ ముందు ఆస్ట్రేలియా, కెనడా దళాలు కదిలాయి. ముందస్తు కాల్పులు లేవు, ఆనవాలు లేదు. 4 గంటల 20 నిమిషాలకు బ్రిటిష్ ఫిరంగులన్నీ ఒక్కసారి పేలాయి. ఎదుట ఉన్న 530 జర్మన్ ఫిరంగుల్లో 504 ఎక్కడున్నాయో అప్పటికే పటం మీద గుర్తులు పెట్టి ఉన్నాయి. ధ్వని, మంట, విమాన ఛాయాచిత్రాలు మూడూ కలిసి పట్టించాయి వాటిని. కాలిబంట్లు ముందుకు నడుస్తుంటే చాలా జర్మన్ బ్యాటరీలు నోరెత్తలేకపోయాయి. సూవ్లా మైదానంలో ఫిరంగి సిపాయిలకు లేనిది ఇదే. కొండ అవతల ఏముందో చెప్పే చెవి వాళ్లకు లేదు.

యుద్ధం మూలంగా స్టాక్‌హోంలో నోబెల్ ఉపన్యాసం వాయిదా పడింది. తండ్రి ఆ ఉపన్యాసం ఇవ్వనేలేదు. విల్లీ ఒక్కడే వెళ్లి 1922 సెప్టెంబర్ 6న ఇచ్చాడు. బాబ్ చనిపోయి అప్పటికి ఏడేళ్ల నాలుగు రోజులు.